దించమనేదాకా

వరాలుకి బరువు ఎత్తడం కష్టం కాలేదు. ఎత్తిన బరువుని ఎత్తినట్టే పట్టుకుని నిలబడటమే, ఆ వేసవిలో, చేతకాకుండా పోయింది.

అదేం చోద్యమో ఆమెకే అంతుపట్టలేదు. బరువుల రాడ్డు నేల మీంచి లేచేది, భుజాల మీదికి వచ్చేది, తల పైకి వెళ్ళేది. అంతవరకూ అంతా సవ్యమే. పైన ఇంకా కుదురుకోకుండానే చేతులు వదిలేసేవి. రేకుల షెడ్డు దద్దరిల్లేలా రాడ్డు వచ్చి కింద పడేది.

"దించమన్నానా?" అనేవారు సన్యాసినాయుడు గారు.

"లేదు గురువుగారూ."

"మరెందుకు దించినావు?"

వరాలు తల వంచుకుని పట్టు జారకుండా చేతులకి తెల్లపొడి రాసుకునేది.

సన్యాసినాయుడు గారు పేరుకే సన్యాసి. ఇంట్లో భార్యా ఇద్దరు కూతుళ్ళూ ఉన్నారు, దొడ్లో మూడు గేదెలూ ఉన్నాయి. వయసులో ఉన్నప్పుడు బాగానే బరువులెత్తారు. ఇప్పుడు విజయనగరానికి దగ్గర్లో తన ఊరి రోడ్డు పక్కన షెడ్డు వేసి, చుట్టుపక్కల పిల్లలకి ఆ విద్యే నేర్పుతున్నారు. మనిషి మాట తక్కువ. పొగడ్త అంతకన్నా తక్కువ.

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. బరువులెత్తే పోటీలో తల మీదికి ఎత్తేస్తే సరిపోదు. మోచేతులు వంగకుండా, కాళ్ళు కదలకుండా నిలబడాలి. ఎదురుగా కూర్చున్న జడ్జి చెయ్యి కిందికి దించి చెప్పాకే బరువు దించాలి. తొందరపడితే ఎత్తనట్టే లెక్క. సాధనలో చాలామంది దీన్ని పట్టించుకోరు. ఇక్కడ మాత్రం నిన్న చేరిన పిల్ల చేతిలో ఉత్త కర్ర ఉన్నా సరే, గురువుగారు బోర్లించిన నూనె డబ్బా మీద కూర్చుని "దించు" అనేదాకా దించడానికి వీల్లేదు.

అలాంటి షెడ్డులో ఏడేళ్ళు పెరిగి, రాష్ట్రస్థాయిలో పతకం తెచ్చిన పిల్ల వరాలు. ఆమే ఇప్పుడు ఆ ఒక్క పనీ మర్చిపోయింది.

కారణం దిల్లీలో ఉంది.

కిందటి చలికాలం పోటీలకి వెళ్ళినప్పుడు అక్కడి ఒక పెద్ద యూనివర్సిటీ హాస్టల్లో వీళ్ళకి బస ఇచ్చారు. పొద్దున్నే టీ కోసం వెళ్తూ వరాలు లైబ్రరీ పక్కనుంచి నడిచింది. అద్దాల అవతల తన ఈడు ఆడపిల్లలు వరసగా కూర్చుని చదువుకుంటున్నారు. నీళ్ళు పట్టమనీ పొయ్యి చూడమనీ వాళ్ళని పిలిచేవాళ్ళెవరూ లేరు. కిటికీ పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. అంతే, ఆ కుర్చీ ఆమె మనసులో పడిపోయింది. బండి ఎక్కినా దిగలేదు, ఇంటికొచ్చినా దిగలేదు.

అక్కడ సీటంటే మాటలు కాదు. దేశంలోని చురుకైన పిల్లలంతా దానికే ఎగబడతారు. వరాలు మార్కులు మంచివే గానీ, అక్కడికి చాలేంత మంచివి కావు. ఒకే దారి ఉంది, స్పోర్ట్స్ కోటా. బరువులెత్తే ఆడపిల్లలకి దేశం మొత్తానికి రెండు సీట్లు. మార్కులతో పాటు, దిల్లీలో యూనివర్సిటీ వాళ్ళ ఎదుట ఎత్తి చూపించాలి.

దరఖాస్తు పెట్టిన రోజు నుంచీ ఆ పిల్లకి కంటి మీద కునుకు లేదు. స్కూల్లో డ్రిల్లు మేష్టారిని అడిగితే "ఖాయం, మిఠాయిలు సిద్ధం చేసుకో" అన్నారు. హైదరాబాదులో ఉద్యోగం చేసే బావని అడిగితే "కష్టమే మరి, అక్కడికి ఎలాంటోళ్ళొస్తారో తెలుసా?" అన్నాడు. ఫోనులో ఒక పేజీ ఉంది. మార్కులూ పతకాలూ రాస్తే సీటొచ్చే అవకాశం వందకి ఎంతో చెబుతుంది. వరాలు రోజూ అవే మార్కులు, అవే పతకాలు రాసేది. అది మాత్రం రోజుకో మాట చెప్పేది. పొద్దున పెరిగితే రెండు ఇడ్లీలు ఎక్కువ తినేది, మధ్యాహ్నానికి తగ్గితే కంచం ముందు నుంచి లేచిపోయేది.

"ఒలే, అన్నం తింతన్నావా, లెక్కలెడతన్నావా?" అని తల్లి కసిరేది. కసిరి, మళ్ళీ తనే దిగులుగా కూతురి మొహంలోకి చూసేది.

దిల్లీలో ఆ పరీక్షకి ఇంక వారం ఉందనగా ఒక పొద్దున, రాడ్డు వరసగా మూడోసారి కింద పడింది. వరాలు బరువులెత్తే చెక్క వేదిక అంచు మీద కూలబడింది. ఇంక ఆపుకోలేకపోయింది.

"గురువుగారూ, ఒక్క మాట సెప్పండి. నాకు సీటొస్తాదా, రాదా?"

సన్యాసినాయుడు గారు కింద పడ్డ రాడ్డుకేసి చూశారు.

"వందకి ఎంతుంటాదంటారు? సగమైనా ఉంటాదా? మీరు ఇంతమందిని సూసినారు కదా, మీకు తెలీకపోదు."

ఆయన లేచి మూలకి వెళ్ళారు. అక్కడ కొత్తగా చేరే పిల్లలకి ఇచ్చే వెదురుకర్ర ఒకటి ఉంటుంది. రాడ్డు ముట్టుకునే ముందు అందరూ కొన్నాళ్ళు దాన్నే ఎత్తాలి. వరాలు కూడా పదకొండేళ్ళ వయసులో దాన్నే ఎత్తింది. దాన్ని తెచ్చి ఆమె చేతిలో పెట్టారు.

"ఎత్తు."

వరాలు మొహం కందిపోయింది. పతకం తెచ్చిన చేతులకి వెదురుకర్రా? అయినా గురువుగారి మాట. లేచి, ఎత్తి, తల పైన నిలిపింది. ఆయన డబ్బా మీద ఎదురుగా కూర్చున్నారు.

కర్రకి బరువేముంటుంది? మొదట్లో అంతా ఆటలానే ఉంది. ఇదిగో అంటారు, ఇప్పుడంటారు అని ఆమె ఆయన నోటికేసి చూస్తూ నిలబడింది. ఆయన అనలేదు. భుజాలు లాగడం మొదలైంది. ఆయన పెదవి కాస్త కదిలింది. అన్నారేమో అనుకుని కర్ర దించేసింది.

"దించమన్నానా?"

"అన్నారనుకున్నాను."

"ఆవులించినాను. ఎత్తు."

మళ్ళీ ఎత్తింది. ఈసారి కళ్ళు ఇంకా పెద్దవి చేసుకుని ఆయన నోటినే కాపలా కాసింది. ఆయన గొంతు సవరించుకుంటే ఒళ్ళు ఉలిక్కిపడింది. రోడ్డు మీద వెళ్ళే ఎవరినో పలకరించడానికి నోరు తెరిస్తే కర్ర సగం దాకా దిగి, మళ్ళీ పైకి వెళ్ళింది. చెమట కంట్లోకి కారింది. రాడ్డుని ఆటగా ఎత్తే మనిషి వెదురుకర్ర కింద వణికిపోతోంది.

"గురువుగారూ, ఇంకా ఎంతసేపు?"

"నీ మోసెయ్యి సూసుకో."

చూసుకుంది. రెండు మోచేతులూ వంగి ఉన్నాయి. ఎప్పుడు వంగాయో తెలియనే తెలియదు.

"నా నోటికేసి సూత్తన్నంతసేపూ అవి వంగుతానే ఉన్నాయి" అన్నారు సన్యాసినాయుడు గారు.

అని, లేచి డబ్బాని అటు తిప్పుకున్నారు. ఆమెకి వీపు పెట్టి, రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నారు.

"మీరలగ ఎనక్కి తిరిగి కూకుంటే నా మోసెయ్యి వంగిందో లేదో మీకెలగ తెలస్తాది?"

"నాకెందుకు తెలవాల? నీకు తెలవాల."

ఇంక చూడటానికి ఆయన నోరు లేదు. ఆయన బనీను ఉంది, దాని మీద వీపు మధ్యలో రూపాయి బిళ్ళంత చిరుగు ఉంది. వరాలు ఆ చిరుగునే చూస్తూ నిలబడింది. కాసేపు కోపం వచ్చింది. తరవాత ఏడుపు వచ్చింది. తరవాత ఆ రెండూ పోయి, అరికాళ్ళ కింద చెక్క తెలిసింది. ఎడమ పాదం మీద ఎక్కువ బరువు పడుతోందని తెలిసి సర్దుకుంది. మోచేతులు తిన్నగా చేసుకుంది. ఊపిరి నెమ్మదించింది.

"దించు" అన్నారాయన.

ఆ మాట వరాలుకి కొంచెం ఆలస్యంగా అర్థమైంది.

ఆయన లేచి గేదెలకి నీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోయారు. సీటు సంగతి ఆయన ఎత్తలేదు. ఆమె కూడా మళ్ళీ అడగలేదు.

తల్లిని తోడు తీసుకుని వరాలు దిల్లీ వెళ్ళింది. భయం కూడా వాళ్ళతో పాటే బండెక్కింది. వరాలు పరీక్ష జరిగే హాల్లోకి వెళ్ళింది. వచ్చిన అమ్మాయిలందరూ తనకన్నా బలంగా కనిపించారు. అందరూ ఒకరినొకరు ఓరకంట కొలుచుకుంటున్నారు.

ఎత్తడానికి మూడు అవకాశాలు ఇచ్చారు. ముగ్గురు జడ్జిల్లో మధ్యలో కూర్చున్నది ఒక పెద్దాయన. ఆయన చెయ్యి అంత తొందరగా దిగే రకం కాదు. దాని మూలంగా అప్పటికే ఇద్దరు అమ్మాయిలు తొందరపడి దించేసి, చెల్లదంటూ వెలిగిన ఎర్ర లైటు చూసి ఏడుస్తూ వెళ్ళిపోయారు.

వరాలు మొదటిసారి తేలిక బరువు పెట్టించుకుంది. అది నిలిచింది. రెండోసారి బరువు పెంచింది. రాడ్డు పైకి వెళ్ళింది గానీ, వెళ్ళగానే కళ్ళు జడ్జి చేతికేసి పరుగెత్తాయి. మోచెయ్యి వంగింది. ఎర్ర లైటు వెలిగింది. గోడ పక్కన నిలబడ్డ తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది.

మిగిలింది ఒక్కటే. ఇది పోతే కిటికీ పక్కన కుర్చీ పోయినట్టే.

వరాలు చేతులకి పొడి రాసుకుంది. వంగి చెక్కకి దండం పెట్టుకుంది. అదే బరువు మళ్ళీ ఎత్తింది. రాడ్డు తల పైకి వెళ్ళింది, కాళ్ళు రెండూ ఒక వరసలోకి వచ్చాయి. ఎదురుగా జడ్జి ఉన్నాడు, ఆయన చెయ్యి ఉంది. ఆమె కళ్ళు అక్కడికి వెళ్ళబోయి ఆగాయి. చిరుగు బనీను ఒకటి గుర్తొచ్చింది. ఎడమ పాదం సర్దుకుంది.

చెయ్యి దిగలేదు. హాల్లో ఎవరో దగ్గారు. ఎవరో "అయిపోయింది కదా, ఇంకా ఎందుకు?" అని హిందీలో గొణిగారు. ఆమె మోచేతులు తిన్నగానే ఉన్నాయి. అవి తిన్నగా ఉన్నట్టు ఆమెకి తెలుస్తూనే ఉంది.

చెయ్యి దిగాక తల్లి గట్టిగా ఏడ్చేసింది. ఎత్తింది చెల్లినట్టు మూడు లైట్లూ తెల్లగా వెలిగాయి.

అయినా పని పూర్తి కాలేదు. అంతే బరువు ఎత్తినవాళ్ళు ఇంకో ముగ్గురున్నారు. ఎవరి మార్కులు ఎంతో ఎవరికీ తెలియదు. ఫలితం చెప్పడానికి పదిహేను రోజులు పడుతుందని చెప్పి పంపించేశారు.

వరాలు ఊళ్ళో దిగిందో లేదో అందరూ మూగారు. సీటొచ్చిందా అని డ్రిల్లు మేష్టారు, సీటొచ్చిందా అని ఫోనులో బావ. ఇంకా తెలీదని అందరికీ ఒకే జవాబు చెప్పింది. ఆ రెండు సీట్లూ వేరేవాళ్ళకి పోతాయేమోనన్న భయం అలాగే ఉంది, ఎక్కడికీ పోలేదు.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్ళింది. సన్యాసినాయుడు గారు అప్పుడే పాలు పితికి వచ్చి డబ్బా మీద కూర్చున్నారు. ఆమె చీపురు తీసి చెక్క ఊడ్చింది. తడిగుడ్డతో రాడ్డు తుడిచింది. ఒక్కొక్క ఇనప ప్లేటూ తెచ్చి దానికి ఎక్కించింది.

ఆఖరి ప్లేటు ఎక్కేదాకా ఆయన చూశారు. ఎప్పుడూ అడగని మనిషి, ఆ రోజు అడిగారు.

"ఏటయినాది?"

వరాలు చేతులకి పొడి రాసుకుంటూ చెప్పింది.

"ఇంకా దించమననేదు గురువుగారూ."

సన్యాసినాయుడు గారు డబ్బాని అటు తిప్పుకుని, ఆమెకి వీపు పెట్టి కూర్చున్నారు.