ఎలుగుబంటి కట్టించిన వంతెన

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక వాగు. వానలు పడితే చాలు, వాగు పొంగి ఇవతలి గట్టంతా మునిగేది. పోయిన ఏడు రెండు కుందేలు పిల్లలు కొట్టుకుపోయాయి. అందుకే ఈసారి వానలకు ముందే అవతలి మెట్టకు వంతెన కట్టాలని జంతువులన్నీ అనుకున్నాయి. పనికి పెద్దగా ఎలుగుబంటిని పెట్టుకున్నాయి.

ఎలుగుబంటికి వంతెన కట్టడం రాదు. కట్టేవాళ్ళను చూస్తూ కూర్చోవడం మాత్రం బాగా వచ్చు.

పనివాళ్ళు ముగ్గురు. ఉడుత తీగలు తెచ్చేది. గిజిగాడు పిట్ట వాటిని పేనేది. ముళ్ళపంది గుంజలకు గుంతలు తవ్వేది.

మొదటి రోజు ముగ్గురూ కబుర్లు చెప్పుకుంటూ పని మొదలుపెట్టారు. ఎలుగుబంటికి ఒళ్ళు మండింది.

"నోరు ఆడితే చెయ్యి ఆడదు! ఇకమీదట ఎవరి పని వాళ్ళదే. మాట వినపడిందో, ఊరుకోను!" అంది. ఉడుతను గుట్ట మీదికి, గిజిగాడిని కొమ్మ మీదికి, ముళ్ళపందిని వాగు ఒడ్డుకు తరిమింది.

అడవంతా గప్‌చిప్. "ఆహా, పనంటే ఇదీ!" అని ఎలుగుబంటి మురిసిపోయింది.

ఉడుత సన్నని తీగలు తెచ్చింది. లావువి కావాలని దానికి ఎవరు చెప్పారు గనక? గిజిగాడు వాటినే పేనింది. ముళ్ళపంది నేల మెత్తగా ఉన్నచోట గుంతలు తవ్వేసింది. ఇది నిలుస్తుందా అని ముగ్గురికీ అనుమానమే. అడగాలంటే నోరు విప్పాలి కదా! ఎవరి పని వాళ్ళు కానిచ్చేశారు.

వంతెన పూర్తయింది. ఎలుగుబంటి మెడలో పూలదండ వేసుకుని అందరికంటే ముందు నడిచింది. నాలుగు అడుగులు వేసిందో లేదో గుంజ ఒరిగింది, తీగ తెగింది. ఎలుగుబంటి వాగులో పడి కాలు బెణికించుకుంది.

"ఇలా అవుతుందని ముందే ఎందుకు చెప్పలేదు?" అని అరిచింది.

"తమరు మాట్లాడొద్దన్నారు కదా దొరా" అంది ముళ్ళపంది.

"అయితే రేపటినుంచి మాట్లాడాల్సిందే! పొద్దున్నే అందరూ ఈ బండ చుట్టూ కూర్చోండి. ముందు నేను మాట్లాడతాను."

మూడు రోజులు ఎలుగుబంటే మాట్లాడింది. మిగతావాళ్ళు తలలూపారు. నాలుగో రోజు ఆకాశం ఉరిమింది. కాలు వాచిపోయి ఎలుగుబంటి గుహలోంచి బయటికి రాలేదు.

ముగ్గురూ గబగబా పనిలోకి దిగారు.

"ఎంత పేనినా ఈ తీగ తెగుతోందే!" అంది గిజిగాడు.

"నీది ఆ బాధ. గట్టి నేలలో తవ్వుదామంటే నాకు మద్దిచెట్టు వేళ్ళు అడ్డం. కొరికి కొరికి పళ్ళు అరిగిపోయాయి" అంది ముళ్ళపంది.

ఉడుత చటుక్కున ఆగింది. "పళ్ళు అరిగేంత గట్టివా? ఏదీ, ఒకటి ఇటియ్యి!"

ముగ్గురూ వేరును లాగి చూశారు. తెగలేదు. గిజిగాడు తీగల్లో వేళ్ళు కలిపి పేనింది.

"అసలు గుంజలెందుకు? రెండు ఒడ్డుల మీదా మద్దిచెట్లు ఉన్నాయిగా, వాటికే కట్టేద్దాం" అంది ముళ్ళపంది.

నవ్వుకుంటూ, దెబ్బలాడుకుంటూ రెండు రోజుల్లో కట్టేశారు. మూడో రోజు కుండపోతగా వాన. కుందేళ్ళు పిల్లలతో సహా అవతలికి దాటాయి. చివరగా ఎలుగుబంటి కుంటుకుంటూ దాటింది. వంతెన చెక్కుచెదరలేదు.

అది వెనక్కి తిరిగి చూసి, "నేను లేకపోతేనే ఇంత బాగా కట్టారే! నేనుంటే ఇంకెంత బాగా కట్టేవారో!" అంది.

ఉడుత వినయంగా చేతులు జోడించింది. "నిజమే దొరా. తమరి కాలు ఇంకో నెల్లాళ్ళు జాగ్రత్త. ఎగువన ఇంకో వంతెన కట్టాలి."

నీతి: చేతులు కలవాలంటే ముందు మాట కలవాలి, మాట కలవాలంటే పెత్తనం కాస్త పక్కకు తప్పుకోవాలి.