గోడలో నిలబడిన అయ్యవారు

రంగులమ్మ గుట్ట ఎక్కి మండపంలోకి వచ్చిన భక్తులు ముందు ఎడమచేతి గోడ చూడవలెను. అమ్మవారి పక్కన వింజామరలు పట్టిన పరివారం వరుసగా ఉన్నది. నగలున్నవి, చేతులున్నవి, ముఖాలు లేవు. వాళ్ళ ముందు మనకు వీపు పెట్టి, అమ్మవారిని చూస్తూ ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఆయనే ఈ బొమ్మలు గీసిన చిత్తారి సూరప్ప అయ్యవారు. బొమ్మ పూర్తికాలేదని ఇదివరకటి గుడి పుస్తకంలో అచ్చువేసినారు. వేసినవాళ్ళు మమ్మల్ని అడగలేదు. అడగవలసింది.

పూర్వం ఇక్కడి గోడలు వట్టి సున్నంతో ఉండేవి. అమ్మవారి బొమ్మ ఒక్కటే గీసి సూరప్ప పడుకుంటే ఆమె కలలోకి వచ్చి, "ఒంటరిగా ఉండాను, తోడు గియ్యి" అన్నది. సూరప్ప శిష్యులకు బొమ్మలు నేర్పేవాడు, పనిలో బహు గట్టివాడు. చూడని ముఖం గీయరాదని ఆయన పట్టు. అందుకని శిష్యులనే ఎదురుగా కూర్చోబెట్టి పరివారానికి వాళ్ళ ముఖాలు పెట్టినాడు.

మొదటి ముఖం కదిరెప్పది. అది పూర్తయిన సాయంత్రం అతడు ఇంటికి పోతే తల్లి ఓబుళమ్మ వాకిట్లోనే ఆపింది.

"ఎవురు నాయనా నువ్వు? ఆకలైతే సంగటి పెడతా, తిను. అమ్మా అని మాత్రం పిలవొద్దు. ఆ పిలుపు నా కొడుకుది."

గోడమీద ముఖం పడినవాణ్ణల్లా ఇంట్లోవాళ్ళు మరిచిపోయినారు. శిష్యులంతా దిక్కులేక మండపంలో చేరినారు. బొమ్మ చెరిపేద్దామని సూరప్ప కత్తి తీసుకుని గోడమీది కదిరెప్ప చెంప గీకినాడు. వెనక నిలబడిన కదిరెప్ప కెవ్వుమన్నాడు. వాని చెంప మీద నెత్తురు.

సూరప్ప కత్తి పారేసి అమ్మవారిని నిలదీసినాడు. "తోడు అడిగితే బొమ్మలిస్తి. పిల్లల్ని ఎందుకు తీసుకుంటివి తల్లీ?"

ఆ రాత్రి కలలో జవాబు వచ్చింది. "అందరి ముఖాలూ ఇచ్చినావు, నీది దాచుకున్నావు. నువ్వు వచ్చి నిలబడు. వాళ్ళవి వాళ్ళకిస్తా."

తెల్లవారి ఆయన శిష్యులతో, "నా ముఖం ఆమె చూస్తున్నంతకాలం మీవి మీవే. నేను ఇటు తిరిగితే మళ్ళీ అడుగుతుంది. తిరగనియ్యకండి" అని చెప్పి తలుపు వేసుకున్నాడు. లోపల కుంచె చప్పుడు వినబడి, ఆగిపోయింది. తలుపు తీస్తే మనిషి లేడు. కుంచె తడిగా ఉన్నది. పరివారం ముఖాల చోట తెల్ల సున్నం.

గుట్ట కింద నుంచి ఓబుళమ్మ కేక వినబడింది. "ఒరే కదిరెప్పా, సంగటి చల్లారిపోతాంది, యాడ చచ్చినావురా?"

ఆ తిట్టు విని శిష్యులంతా ఏడ్చినారు.

ఈనాటికీ బొమ్మలు నేర్చేవాళ్ళు తొలి కుంచె ఇక్కడ పెట్టి మొక్కుతారు. దిగేముందు భక్తులందరూ, "అయ్యవారూ, అందరం బాగుండాము, తిరగొద్దు" అని గట్టిగా చెప్పవలెను. చెప్పినవాళ్ళను అయినవాళ్ళు మరువరు. గుడి కమిటీవాళ్ళు మా మాట కాదని, ముఖాలు పూర్తి చేయించడానికి పట్నం ఆర్టిస్టును తెచ్చినారు. అతను అద్దం పెట్టుకుని తన ముఖమే ఒక బొమ్మకు దించబోయినాడు. సగంలో ఉండగా భార్యకు ఫోను చేస్తే, "ఎవరండీ మీరు?" అన్నది. రంగు తడి ఆరకముందే తుడిచేసి వెళ్ళిపోయినాడు. కమిటీవాళ్ళు ఆ సంగతి ఎక్కడా రాయరు.

మాది ఓబుళమ్మ వంశం. నా చిన్నతనంలో అయ్యవారి వీపు, జుట్టుముడి మాత్రమే కనబడేవి. ఇప్పుడు కుడిచెవి కనబడుతున్నది. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. చెప్పి మరీ దిగండి.