ముందే కొట్టిన ఊఁ

దైవసహాయం మాస్టారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన కుర్చీలోంచి లేచేవారు. జవాబు చెప్పేవారు కాదు. చెప్పులు తొడుక్కుని ఎటో నడిచేవారు. అడిగినవాళ్లు వెనకాలే వెళ్లాలి. ఆయన ఎక్కడ ఆగితే అక్కడ చూసుకోవాలి, జవాబు ఉందో లేదో.

విజయనగరం వైపు ఒక పెద్దాసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే పని ఆయనది. బడిలో పాఠాలు చెప్పిన మనిషి కాదు గానీ, ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లంతా మాస్టారూ అనే పిలిచేవారు. ఆసుపత్రి వెనక చల్లటి గదిలో సర్వర్లు ఉండేవి. వాటికి ఆయన తమ వైపు ఏర్ల పేర్లు పెట్టుకున్నారు. నాగావళి రక్తనిధిది. ఏ సంచి ఏ గ్రూపుది, ఎవరి నెత్తురుకి సరిపడింది, ఎక్కడ పెట్టారు, అన్నీ దాని కడుపులోనే ఉంటాయి. చంపావతి కొత్తగా వచ్చింది. దానికింకా ఏ పనీ అప్పగించలేదు.

ఆ రోజు చంపావతికి ఫర్మ్‌వేర్ మార్చాలి. ఫర్మ్‌వేర్ అంటే ఆ ఇనుముకి పుట్టుకతో వచ్చిన బుద్ధి. లేచి నిలబడడం, ఊపిరి తీసుకోవడం వంటివి అదే నేర్పుతుంది. ఆ బుద్ధి పాతబడితే కొత్తది ఎక్కించాలి. ఎక్కించేటప్పుడు యంత్రం తన పనంతా ఆపేసి కూర్చుంటుంది. మధ్యలో ఏదైనా తేడా వస్తే పాతదీ ఉండదు, కొత్తదీ రాదు, రెంటికీ చెడిన రేవడి అవుతుంది. ఆ పని బొమ్మల మీద నొక్కితే అయ్యేది కాదు. నల్లటి తెర మీద అక్షరాలు కొట్టి ఆజ్ఞ ఇవ్వాలి. ఇచ్చాక కూడా యంత్రం ఊరుకోదు. ఫలానాది మారుస్తున్నాను, చేయమంటారా అని అడుగుతుంది. అవునంటే ఒక మెట్టు ఎక్కి మళ్లీ అడుగుతుంది.

ఆ పని చేస్తున్నది పైడిరాజు. మాస్టారి దగ్గర చేరి ఏడాది దాటింది. చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు. పొద్దుటి నుంచీ తెరల ముందు కూర్చుని విసిగిపోయి ఉన్నాడు. ఆ ఆజ్ఞ చివర ఒక్క అక్షరం తగిలిస్తే యంత్రం ఇక అడగదని, అన్నిటికీ అవునన్నట్టే లెక్క వేసుకుంటుందని అతనికి తెలుసు. ఆ అక్షరం కొట్టాడు. ఇక ఎంటర్ నొక్కడమే మిగిలింది. అప్పుడు వెనక్కి తిరిగి అడిగాడు.

"కథకి ఊఁ కొట్టినట్టు దీనికి ఎన్నిసార్లు కొట్టాలండీ మాస్టారూ? ఎలాగూ అవుననేదే కదా. ముందే ఒక ఊఁ కొట్టి పడేస్తే తప్పేటి?"

మాస్టారు లేచారు. చెప్పులు తొడుక్కున్నారు.

పైడిరాజు నెత్తి కొట్టుకున్నాడు. అడక్కుండా ఉంటే ఈపాటికి పనైపోయేది కదా అని సణుక్కుంటూ, తెర అలాగే వదిలి వెనకాల వెళ్లాడు.

మాస్టారు బాలింతల వార్డు గుమ్మం దగ్గర ఆగారు. లోపల వరహాలు సిస్టర్ నెత్తురు సంచి పట్టుకుని ఒక మంచం పక్కన నిలబడి ఉంది. మంచం మీద పిల్ల చిన్నది, తొలికాన్పు. సిస్టర్ పైడితల్లీ అని పిలిచింది. పిల్ల ఊఁ అంది. ఆ వైపు అమ్మవారి పేరు పెట్టుకోని ఇల్లు ఉండదు. నిన్నే కదా కాన్పయిందీ అంటే ఊఁ అంది. రక్తం ఎక్కించాలన్నారు, తెలుసా అంటే దానికీ ఊఁ అంది.

అన్నీ కుదిరాయి. అయినా సిస్టర్ సంచి తగిలించలేదు.

"మీ ఆయన పేరేటమ్మా?" అని అడిగింది.

పిల్ల కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. మగని పేరు నోటితో ఎలా చెబుతుంది? పక్క మంచం దగ్గరున్న ముసలమ్మ నవ్వింది. "ఆ మాట అడక్కు సిస్టరమ్మా. నెత్తురెక్కించకుండానే దాని మొకం ఎర్రబడిపోతాది" అంది. నలుగురూ నవ్వారు. సిస్టర్ మాత్రం నవ్వలేదు, తొందరా పెట్టలేదు. సంచి చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది.

చాలాసేపటికి ఆ పిల్ల గోడ వైపు తిరిగి, సింహాద్రి కొండ మీదుండే సామి పేరే అంది.

అంటే అప్పన్న. సంచి మీద చీటీలో భర్త పేరు రామ్మూర్తి అని ఉంది.

నవ్వులు ఆగిపోయాయి. సిస్టర్ సంచి కిందకి దించి, మరి రక్తం అంటే ఊఁ అన్నావేమ్మా అని మెల్లగా అడిగింది. పెద్దోరు మీరు అడిగారు గదా అంది ఆ పిల్ల.

కిటికీ పక్క మంచం మీద ఇంకో పైడితల్లి ఉంది. ఆమెదీ నిన్నటి కాన్పే. ముఖం పాలిపోయి, కళ్లు తెరవలేకుండా ఉంది. సిస్టర్ అక్కడా అదే అడిగింది. పక్కనే కూర్చున్న ఆమె తల్లి, అల్లుడి పేరు రామ్మూర్తి అని చెప్పాక, రెండో నర్సుని పిలిచి గ్రూపూ నంబరూ ఇద్దరూ చదువుకుని, అప్పుడు సంచి తగిలించింది. ఇదొక్కటీ చాలదు, ఇంకో సంచి వెతికి పంపమని రక్తనిధికి ఫోన్ చేసింది. చూస్తున్నాం, కాసేపట్లో పంపుతాం అన్నారు అవతలివాళ్లు.

మాస్టారు వెనక్కి తిరిగారు. పైడిరాజు వెనకాలే వచ్చాడు.

చల్లటి గదిలో తెర వదిలినట్టే ఉంది. పైడిరాజు కూర్చుని, చివర తగిలించిన ఆ ఒక్క అక్షరాన్ని చెరిపేశాడు. ఎంటర్ నొక్కాడు. యంత్రం అడిగింది.

నాగావళి ఫర్మ్‌వేర్ మారుస్తున్నాను. ఆ కాసేపూ నాగావళి పనిచేయదు. చేయమంటారా?

పైడిరాజు ఆ పేరు మళ్లీ చదివాడు. పొద్దున్న ఏదో చూద్దామని నాగావళిలోకి వెళ్లాడు. ఆ తెర మూయలేదు, ఆజ్ఞ కొట్టింది అందులోనే. చంపావతి తెర దాని వెనక ఉంది. రెండూ నల్లటివే, రెండిటి మీదా తెల్లటి అక్షరాలే. కిటికీ పక్క పైడితల్లికి కావలసిన రెండో సంచిని రక్తనిధివాళ్లు ఆ నిమిషంలో వెతుకుతున్నది నాగావళిలోనే.

వద్దు అని కొట్టాడు. ఆ తెర మూసేశాడు. లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చాడు. తరవాత చంపావతి తెర ముందుకి తెచ్చుకుని ఆజ్ఞ కొట్టాడు. యంత్రం అడిగినప్పుడల్లా పేరు పైకి చదివి, ఆగి, అప్పుడు అవునన్నాడు. చంపావతి ఒకసారి ఆరిపోయి మళ్లీ వెలిగింది.

అంతా అయ్యాక అతను మాస్టారి వైపు తిరిగాడు. "ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు కదండీ మాస్టారూ. తనూ పైడితల్లే" అన్నాడు.

ఈసారి మాస్టారు లేవలేదు.

"ఊఁ అనడానికి పేరు కలిస్తే చాలురా" అన్నారు. "నెత్తురు కలవొద్దూ?"