కొత్తగా ఏమీ చెయ్యని వారం

కొత్తరేవులో తెలివైనవాళ్ళెవరని అడిగితే జనం ఐసు ఫ్యాక్టరీ వైపు వేలు చూపిస్తారు. చూపించి, పక్కకి తిరిగి నవ్వుకుంటారు. ఆ నవ్వెందుకో ఫ్యాక్టరీ వాళ్ళకి ఇప్పటికీ తెలీదు. పెద్దవాడు గవర్రాజు, నడిపివాడు తమ్మన్న, చిన్నవాడు బుల్లెబ్బాయి, గవర్రాజు భార్య వేణమ్మ. నలుగురూ నలుగురే.

"మా ఇంట్లో ఎవరం మాటని అటూ ఇటూ వంచమండీ. చెప్పింది చెప్పినట్టే చేత్తాం. తెలివంటే అదేనండి" అని గవర్రాజు టీకొట్టు దగ్గర మీసం దువ్వుకునేవాడు. నిజమే, వంచరు. ఊరికి వచ్చిన చిక్కంతా అక్కడే.

ఆ ఏడాది సముద్రంలో చేపల వేట నిషేధం ఇంకా రెండు వారాల్లో ముగుస్తుందనగా, ఆరు బోట్ల ఓనరు సింహాచలం ఫ్యాక్టరీకి వచ్చాడు.

"బోట్లు బయల్దేరే రోజుకి ఆరింటికీ ఐసు మీరే నింపాలి. నింపేరా, ఏడాదంతా మీ దగ్గరే కొంటాను. లేదా, పక్కూరి ఫ్యాక్టరీకి పోతాను" అన్నాడు.

ఉన్నది ఒక్క ఐసు మిషను. అది ఆరు బోట్లకి చాలదు. అందుకని వేణమ్మ చేతి బంగారు గాజులు అమ్మేసి రెండో మిషను తెచ్చారు. ఆవిడ బోసి చేతులు చూసుకుని, "ఐసు అమ్మి మళ్ళీ చేయించాలి, మరి" అంది. "చేయించకపోతే నా పేరు గవర్రాజే కాదు" అన్నాడాయన.

తీరా మిషను దింపాక కరెంటు ఆఫీసు ఇంజనీరు అడ్డం చెప్పాడు. "ఇప్పుడున్న మిషను ఎంత కరెంటు తీసుకుంటోందో తెలియకుండా రెండోది కలపనివ్వను. లాగర్ అని ఒక పెట్టె ఉంటుంది. వారం రోజులు మీ లైనుకి పెట్టండి. నిమిషం నిమిషం రాసుకుంటుంది. తెచ్చి చూపిస్తే అప్పుడు చెప్తాను. మరీ ఖరీదైంది కొనకండి, మీ పనికి సరిపడేది చాలు."

అంతే. అన్నదమ్ములు ముగ్గురూ కాకినాడ బస్సెక్కేశారు.

అక్కడ కరెంటు సామాన్ల కొట్టాయన బల్ల మీద మూడు పెట్టెలు పెట్టాడు. "ఇది చౌకే గాని ఒక్క తీగనే చూస్తుంది. మీ ఫ్యాక్టరీకి వచ్చేవి మూడు. ఈ చివరిది చాలా ఖరీదు, రెప్పపాటులో కరెంటు తుళ్ళినా పట్టేస్తుంది, ఏడాది పొడుగునా జరిగింది గుర్తుంచుకుంటుంది. ఈ మధ్యదానికి మూడు తీగల చుట్టూ తొడగడానికి మూడు పెద్ద రబ్బరు కడియాలుంటాయి. పది రోజులు గుర్తుంచుకుంటుంది. ఖరీదు అందులో సగం."

తమ్మన్న చౌకదాన్ని చూసి మొహం చిట్లించాడు. "ఒక తీగని చూసి తక్కిన రెండిటినీ చూడకపోతే అవేమనుకుంటాయండీ? పక్షపాతం మా ఇంటా వంటా లేదు."

గవర్రాజు ఖరీదైనదాన్ని అవతలికి నెట్టాడు. "ఏడాదిపాటు అన్నీ గుర్తుపెట్టుకోడానికి మా అత్తగారున్నారండీ. రెండోది ఎందుకు?"

ఇంకేముంది, మధ్యదే కొన్నారు. వందమంది ఇంజనీర్లు కూర్చుని తర్జనభర్జన పడినా ఆ మధ్యదే కొనమనేవారు. కారణాలు మాత్రం వేరే చెప్పేవారు.

డబ్బు తీసుకుంటూ కొట్టాయన జాగ్రత్త చెప్పాడు. "మీ ఎలక్ట్రీషియన్ చేత పెట్టించండి. ఆ తర్వాత ముట్టుకోవద్దు. వారమంతా రోజూ చేసేదే చెయ్యండి. కొత్తగా ఏమీ చెయ్యకండి, లెక్క తప్పొస్తుంది."

"ఆయ్" అన్నారు ముగ్గురూ. దారిపొడుగునా మరిచిపోకుండా వల్లించుకుంటూ ఇంటికొచ్చారు.

ఎలక్ట్రీషియన్ వచ్చి, మూడు తీగలకీ మూడు కడియాలు తొడిగి వెళ్ళిపోయాడు. వేణమ్మ పెట్టె ముందు పీట వేసి, రెండొందల పేజీల నోటు పుస్తకం, పెన్ను పెట్టింది. నిమిషం నిమిషం రాసుకుంటుందన్నారు కదా. సాయంత్రం తీసి చూస్తే ఒక్క ముక్క లేదు.

"సిగ్గుపడతందేమో వదినా" అన్నాడు బుల్లెబ్బాయి. "మనం చూత్తావుంటే ఎలా రాత్తాది?"

అప్పట్నుంచి నలుగురూ పెట్టె ఉన్న గదిలోకి వెనక్కి నడుస్తూ వెళ్ళేవారు.

ఇక కొత్తగా ఏమీ చెయ్యకూడదన్న ఆజ్ఞ. తమ్మన్న కొత్త లుంగీ కట్టుకొస్తే గవర్రాజు నడివీధిలో విప్పించాడు. అప్పుడే కలిపిన కొత్తావకాయ జాడీకి వేణమ్మ గట్టిగా వాసెన కట్టి అటక మీద పెట్టేసింది. వారమంతా నిరుటి ఆవకాయే తిన్నారు, అది బూజు పట్టినా సరే. బూజు కూడా పాతదే కాబట్టి తప్పులేదని తేల్చారు.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. రెండోరోజు పొద్దున్నే మోటారుకీ ఐసు మిషనుకీ మధ్య తిరిగే బెల్టు పుటుక్కున తెగింది. మోటారు తిరుగుతోంది, మిషను ఆగిపోయింది. బుల్లెబ్బాయి పరిగెత్తి బెల్టున్న అట్టపెట్టె తెచ్చాడు.

"ఆగరా! అది పాతదా, కొత్తదా?" అన్నాడు గవర్రాజు.

"కొత్తదే అన్నియ్యా. పెట్టె కూడా విప్పలేదు."

"మరి కొట్టాయనేం చెప్పేడు?"

బుల్లెబ్బాయి నాలిక్కరుచుకుని అట్టపెట్టెని తెచ్చిన చోటే పెట్టేశాడు.

"తెగినదాన్నే కుట్టుకుంటే?" అన్నాడు తమ్మన్న.

"బెల్టు కుట్టడం రోజూ చేసే పనేంట్రా?"

కాదు. అంతే, మాట్లాడ్డానికి ఇంకేమీ లేదు. మోటారు ఒంటరిగా, బరువూ బాధ్యతా లేకుండా, కొత్తరేవులో ఎవరూ తిరగనంత సుఖంగా ఆరు రోజులు తిరిగింది.

వీళ్ళు మాత్రం పని మానలేదు. రోజూ లాగే డబ్బాల్లో నీళ్ళు పోశారు. రోజూ లాగే ఉప్పునీళ్ళ తొట్టిలో దించారు. రోజూ లాగే పైకి తీసి, నిల్వ గదిలో వంచి, పైన ఊక చల్లారు. ముందు తీసిన దిమ్మలు కూడా కరిగి గడప దాటుతున్నాయి. బుల్లెబ్బాయి మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, "ఐసు ఈవేళ మెత్తగా ఉంది అన్నియ్యా" అన్నాడు. "మనం కూడా మెత్తగా నడవాలి మరి" అన్నాడు గవర్రాజు.

వారం ముగిసింది. కడియాలు తీయించి, పెట్టె పట్టుకుని ఇంజనీరు దగ్గరికి వెళ్ళారు. ఆయన దాన్ని కంప్యూటరుకి తగిలించి చూసి కళ్ళు నులుముకున్నాడు.

"ఇంత తక్కువా! వారమంతా ఫ్యాక్టరీ నడిచిందా?"

"ఒక్క పూటైనా ఆపలేదండీ."

"ఐసు తీశారా?"

"రోజూ తీసినట్టే తీసేమండీ" అన్నాడు గవర్రాజు. అబద్ధమాడ్డం వాళ్ళ వంశంలో లేదు.

"మొదటిరోజు మాత్రం ఎక్కువుందే?"

"ఆవేళ ఇంకా అలవాటు పడలేదండీ" అన్నాడు తమ్మన్న వినయంగా.

బయట తమ తమ పనుల కోసం పాతికమంది ఎదురుచూస్తున్నారు. ఇంజనీరు తల గోక్కుని సంతకం పెట్టేశాడు. "లైనులో బోలెడంత ఖాళీ ఉంది. రెండో మిషను కూడా దీనిమీదే నడుపుకోండి."

ఇంకేముంది! ఇంటికొచ్చి తమ్మన్న కొత్త లుంగీ కట్టాడు, వేణమ్మ కొత్తావకాయ దించింది, బుల్లెబ్బాయి రెండు మిషన్లకీ కొత్త బెల్టులు వేశాడు. బోట్లు బయల్దేరడానికి ఇంకా రెండు రోజులున్నాయి. రెండు మిషన్లూ ఆగకుండా ఆడితే ఆరు బోట్లూ నిండుతాయి. గవర్రాజు దణ్ణం పెట్టుకుని రెండు స్విచ్చులూ ఒక్కసారే వేశాడు.

ఢామ్మంది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు లోంచి పొగ లేచింది. ఊరంతా ఫ్యాన్లు ఆగిపోయాయి. జనం విసనకర్రలతో సహా ఫ్యాక్టరీ మీదికొచ్చారు. అందరికంటే ముందు సింహాచలం వచ్చి, నిల్వ గది తలుపు తీసి, ఊక తేలుతున్న నీళ్ళు చూశాడు.

"ఐసేదిరా?" అని కేక పెట్టాడు.

"ఇదేనండీ. కొంచెం ముదరాలి" అన్నాడు బుల్లెబ్బాయి.

సింహాచలం తిట్లు లంకించుకున్నాడు. ఆ తిట్ల మధ్యే అన్నదమ్ములు తల పట్టుకుని ఆలోచించారు. వేణమ్మ బోసి చేతులు నలుపుకుంటూ ఏడుస్తోంది, చూడలేకపోతున్నారు. చివరికి తమ్మన్నకి వెలిగింది.

"అన్నియ్యా, కడియాలున్న వారం లైను ఎంత నెమ్మదిగా ఉంది? తీసేం, పేలింది. ఆ పెట్టె ఉన్నంతసేపూ దేన్నయినా తగ్గిత్తాది. మనం తియ్యకుండా ఉండాల్సింది."

"అవున్రా! కొట్టాయన ముట్టుకోవద్దని ముందే చెప్పేడు" అని గవర్రాజు నెత్తి కొట్టుకున్నాడు.

వేణమ్మ ఏడుపు ఆపింది. కళ్ళు తుడుచుకుంది. లోపలికెళ్ళి పెట్టె తెచ్చింది. చెయ్యెత్తి అరుస్తున్న సింహాచలం దగ్గరికెళ్ళి, ఆ చేతికో కడియం, రెండో చేతికో కడియం, మెడకో కడియం తొడిగి, పెట్టె ఆయన చంకలో పెట్టింది.

సింహాచలం నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఒకసారి మెడ తడుముకున్నాడు, ఒకసారి నలుగురి మొహాలూ చూశాడు, తలొంచుకుని మెల్లగా బయటికి నడిచాడు.

"చూసేరా, తగ్గేడు!" అంది వేణమ్మ.

తగ్గిన మనిషి ఆ కడియాలతోనే తిన్నగా పక్కూరి ఫ్యాక్టరీకి వెళ్ళి, ఏడాదికి సరిపడా ఐసు మాట్లాడేసుకున్నాడు. ఆ కబురు సాయంత్రానికి తెలిసింది. బంగారు గాజులు ఎటూ పోయాయి, ఇప్పుడు రబ్బరువి కూడా పోయాయి. వేణమ్మకి మళ్ళీ కళ్ళనీళ్ళు తిరిగాయి.

గవర్రాజు మాత్రం జాలిగా పక్కూరి వైపు చూశాడు.

"ఏడవకే. మన పెట్టె ఆళ్ళ ఫ్యాక్టరీలోకి ఎళ్ళింది కదా. వారం తిరక్కుండా ఆళ్ళ ఐసు కూడా మెత్తబడిపోద్ది, చూత్తా ఉండు" అన్నాడు. అని, బుల్లెబ్బాయిని పిలిచి, ఈలోగా వచ్చిపడే బేరాల కోసం నిల్వ గదిలో ఇంకో నాలుగు బిందెల నీళ్ళు పోసి ఊక చల్లమన్నాడు.