ఎవరి దూరం

జట్టు పేర్లు ప్రకటించిన రోజు నూకరత్నం అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే ఖరగ్‌పూర్‌లో లోకల్ రైలెక్కి కలకత్తా వచ్చింది. స్టేషన్ నుంచి నేరుగా, తనకి ఆట నేర్పిన దాలినాయుడు మాస్టారు ఉండే క్లబ్బుకి పోయింది.

లాన్ బౌల్స్ ఆటలో ఆమెకి పెద్ద పేరే ఉంది. చూడ్డానికి తేలికైన ఆట అది. పచ్చిక మీద ముందు ఒక చిన్న తెల్ల బంతిని దొర్లిస్తారు. తరవాత రెండు జట్లవాళ్లూ పెద్ద బంతుల్ని దొర్లించి దాని దగ్గరగా ఆపాలని చూస్తారు. జట్టుకి నలుగురు. ఆఖరున ఆడే మనిషి నాయకురాలు, చాలాసార్లు గెలుపూ ఓటమీ ఆమె బంతితోనే తేలతాయి. మొదట ఆడే మనిషి, నిలబడి ఆడడానికి చిన్న రబ్బరు చాప పరిచి, తెల్ల బంతిని తను అనుకున్నంత దూరం దొర్లిస్తుంది. ఆమె వైపు ఎవరూ పెద్దగా చూడరు.

రత్నం ఎన్నో దేశాల్లో ఆఖరి బంతి వేసింది. ఈసారి ఆమెని మొదటికి మార్చి, ఆఖరి ఆట తూలికకి ఇచ్చారు. ఆ పిల్లకి బంతి పట్టుకోవడం నేర్పింది రత్నమే.

మాస్టారు పచ్చిక మీద రాలిన ఆకులు ఏరుతున్నారు. పని ఆపి అంతా విన్నారు. చాప పరచడానికా తను ఇన్నేళ్లు ఆడిందని రత్నం అడిగింది. సాయంత్రంలోగా తప్పుకుంటున్నానని చెప్పేస్తానంది. తన ఆట నిజంగా పడిపోయిందేమో మీరైనా చెప్పండంది.

ఆయన తిన్నావా అని అడిగారు. లేదని చెబితే తన డబ్బాలో ఉప్మా సగం పెట్టి, ఆమె తినేదాకా పక్కనే కూర్చున్నారు.

"పద, కాసేపు ఆడదాం" అన్నారు తరవాత.

మోకాళ్ల నొప్పులతో ఆయనకి వంగడమే కష్టం. రత్నం సాయానికి వెళ్తే చేత్తో వారించి, తనే చాప పరిచారు. తెల్ల బంతిని చొక్కాకి తుడిచి దొర్లించారు. అది చాలా దూరం పోయి, దాదాపు అంచు దగ్గర ఆగింది. ఆయన వేసిన పెద్ద బంతి సగం దారిలోనే చతికిలబడింది. రత్నం వేసినది మెల్లగా వంపు తిరిగి, తెల్ల బంతిని ఆనుకుని నిలిచింది.

అటు చివరికి నడిచారు. ఆయన మళ్లీ వంగి చాప పరిచారు. మళ్లీ అంత దూరమే దొర్లించారు. మళ్లీ ఆయన బంతి సగంలోనే ఆగింది. ఆ తరవాతా అంతే.

రత్నం ఉండబట్టలేకపోయింది.

"మాస్టారూ, కాస్త దగ్గరగా వేసుకోవచ్చు కదా. అంత దూరం మీ భుజానికి అందడంలేదు."

"నిజమేనమ్మా. నాకు దగ్గరైతేనే హాయి."

"మరి మీకు నష్టం కదా?"

ఆయన ఆశ్చర్యంగా చూశారు.

"మనిద్దరివీ ఎదురెదురు జట్లా? ఒకటే జట్టనుకుని ఆడుతున్నానే నేను."

రత్నానికి ఇన్నేళ్లూ తన జట్టులో మొదట ఆడిన బిబియానా గుర్తొచ్చింది. ఏ దేశం పచ్చికలోనైనా తెల్ల బంతి ఇలాగే, సరిగ్గా రత్నం చేతికి నచ్చిన దూరంలోనే ఆగేది. అది తన అదృష్టమనుకుంది రత్నం. ఆ దూరం నీకెలా తెలుసని ఆటయ్యాక ఆ మనిషిని ఒక్కసారి కూడా అడిగి ఎరగదు.

తరవాత వెళ్లి, మాస్టారు వంగేలోపే ఆయన చేతిలోంచి చాప తీసుకుంది. పరిచి, తెల్ల బంతి దొర్లించింది. అది మధ్యకి కాస్త అవతల ఆగిపోయింది.

మాస్టారు కళ్లు చికిలించి చూశారు.

"అది నీ దూరం కాదే."

"తూలికది మాస్టారూ."

ఆయన గట్టుకి ఆనించి ఉన్న తన చేతికర్ర తీసుకున్నారు. దాంతో ఆమె కాళ్ల దగ్గర చూపించారు.

"చాప మూల లేచింది, రత్నం. సరిచెయ్యి."