ఊగే జీపు, తాగని దివాను

మబ్బులు రోడ్డు మీదే నిద్రపోయే కొండసీమలో ఒక జమీందారు, ఆయనకో ముసలి జీపు. కాస్త వేగం అందుకుంటే చాలు, దాని ముందు చక్రాలు పూనకం వచ్చినట్టు ఊగిపోయేవి.

"టైర్లు కొత్తవే. డ్రైవరు గంటయ్య తాగి నడుపుతున్నాడు. పీకేయండి దొరా," అన్నాడు దివాను.

గంటయ్య పెళ్లాం సాలమ్మ బండ్లు బాగుచేసే మనిషి. "దివానుగారు చుక్క ముట్టరు కదా దొరా. ఒకసారి ఆయన్నే నడపమనండి," అంది.

దివాను దర్జాగా జీపెక్కి మంచులోకి మాయమయ్యాడు. తిరిగొచ్చేసరికి జీపు రోడ్డు మీద అటూ ఇటూ ఊగుతోంది, ఆయన తలపాగా చెవి మీదికి జారింది.

"తమరెంత పుచ్చుకున్నారు బాబూ?" అంది సాలమ్మ.

దొర నవ్వు కొండల్లో చాలాసేపు తిరిగింది. సాలమ్మ జీపు కిందికి దూరి, దివాను చేతే స్టీరింగు అటూ ఇటూ తిప్పించి, చక్రాలను కలిపే కడ్డీ కీలు అరిగిందని చేత్తో తడిమి కనిపెట్టింది.

కీలు మార్చాక గంటయ్య నడిపితే, జీపు కలలో పడవలా మబ్బుల్లోకి సాగిపోయింది. వెనక సీట్లో దివాను తలపాగా ఈసారి కదల్లేదు.