ఒడ్డు దాటిన శంఖం

చెంచయ్యకు నాలుగు రోజులుగా కంటి మీద కునుకు లేదు. రెప్ప వాలిస్తే చాలు, వాళ్ళక్క దేశమ్మ ఇసుకదిబ్బ ఎక్కుతున్నట్టూ, పైన కాటయ్య మనుషులు ఈటెలు పట్టుకుని నిలబడ్డట్టూ కనబడేది. పున్నమి ఇంకా మూడు రోజులుంది.

అతను మీరాన్ బాబా అనే ఫకీరు దగ్గర శిష్యుడు. ఉప్పుసరస్సు ఒడ్డున, జాలర్ల పల్లెకు కూతవేటు దూరంలో బాబా తాటాకుల గుడిసె. అక్కడ పగలు కొంగల చప్పుడు తప్ప మరొకటి వినబడదు. అంత ప్రశాంతమైన చోట కూర్చుని కూడా మనిషి నలిగిపోవచ్చునని చెంచయ్యను చూస్తే తెలిసేది.

ఆ సరస్సు మీద చలికాలం పొద్దుటిపూట పొగమంచు దిగుతుంది. దిగిందంటే తెడ్డు వేసేవాడికి తన తెడ్డే కనబడదు. అప్పుడు పల్లె పెద్ద దిబ్బ ఎక్కి శంఖం ఊదుతాడు. నీళ్ళ మీదున్న వాళ్ళు ఆ చప్పుడు పట్టుకుని ఇల్లు చేరతారు. ఆ పల్లెలో పెద్దరికమంటే అంతే, శంఖం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే పెద్ద. దానికి ఒకటే కట్టుబాటు. శంఖం ఒడ్డు దాటకూడదు. ఎందుకని అడిగితే, మా పెద్దలు చెప్పిపోయారంటారు.

ఆరేళ్ళకోసారి ఇంటికో ఆలిచిప్ప కుండలో వేసి పెద్దను ఎంచుకుంటారు. కాటయ్య మూడుసార్లు గెలిచాడు. పద్దెనిమిదేళ్ళు ఊదాడు. బాగానే ఊదాడు, ఆ మాట చెప్పుకోవాలి. ఈసారి మాత్రం దేశమ్మ కుండ నిండింది. కాటయ్య ఒప్పుకోలేదు. తన కుండలో చిప్పలు తడికి అంటుకుపోయి, రెండేసి ఒకటిగా లెక్కకొచ్చాయన్నాడు. కుండ బోర్లించి చూపించారు. ఒక్కటీ అంటుకోలేదు. అయితే దేశమ్మ కుండలోవే విరిగి రెండేసి అయ్యాయన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

పున్నమినాడు శంఖం చేతులు మారాలి. ఈలోగా పల్లె రెండుగా చీలింది. కాటయ్య శంఖాన్ని పక్కలో పెట్టుకుని పడుకుంటున్నాడని ఒకరంటే, ఆయన బావమరుదులిద్దరూ ఈటెలు నూరుకుంటున్నారని ఇంకొకరన్నారు. నిజం గోరంత, మాట కొండంత. ఆ కొండ కింద చెంచయ్య పడ్డాడు.

"బాబా, ఆయన దిగడు," అన్నాడు ఆ సాయంత్రం. "పున్నమినాడు మా అక్క దిబ్బ ఎక్కితే రక్తం కళ్ళచూస్తారు. నేనే పోయి ఆ శంఖం ఎత్తుకొచ్చేస్తా. మీరు ఊ అనండి చాలు."

బాబా బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాడు. ఒక రాయి తీసి, వెలుతురుకు పట్టి చూసి, పక్కన పెట్టాడు.

"రేపు మా ఉస్తాదు ఉరుసు," అన్నాడు. "తిప్పకు పోవాల. పడవకు చెప్పిరా."

సరస్సు నడుమ చిన్న తిప్ప మీద బాబా గురువు సమాధి ఉంది. ఏటా ఆరోజు బాబా అక్కడికి పోయి ఊదొత్తి వెలిగించి వస్తాడు. తీసుకుపోయేది పల్లె పెద్ద. అది ఆ పెద్దరికానికి దక్కే గౌరవం.

చెంచయ్య లేవబోయి ఆగాడు. "ఏ పెద్దకు చెప్పేది బాబా?"

"శంఖం ఎవరి దగ్గరుండాది?"

"కాటయ్య మావ దగ్గర."

"అయితే ఆయనకే చెప్పు."

చెంచయ్య చివాలున లేచాడు. ఊళ్ళో సగం మంది కాటయ్య వైపుంటే ఉన్నారు, బాబా కూడానా అనుకున్నాడు. ఏడుపొచ్చింది. అయినా గురువు మాట, కాదనలేక వెళ్ళి చెప్పాడు.

కాటయ్య ముఖం చాటంతయింది. "నన్నే పిలవమన్నాడా? దేశమ్మను కాదు గదా?" అని రెండుసార్లు అడిగాడు. "బాబాకు తెలుసురా ఎవరు పెద్దో. తెల్లారకముందే వస్తానని చెప్పు."

మర్నాడు చుక్కలుండగానే పడవ తీశారు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. మంచు జాడే లేదు. పల్లెలో వాళ్ళు అప్పటికే వేటకు వెళ్ళిపోయారు, పదమూడు పడవలు. కాటయ్య నడుముకు కండువాతో ఏదో మూట కట్టుకుని వచ్చాడు. మూట ఆకారం చూస్తే పసిపిల్లలు కూడా చెప్పేస్తారు అదేమిటో. ఇంట్లో వదిలిపోవడానికి ఆయనకు భయం. పొద్దెక్కేసరికి ఎవరు ఎత్తుకుపోతారోనని. ఆ ఎత్తుకుపోదామనుకున్నవాడు ఎదురుగానే కూర్చుని తల దించుకున్నాడు.

శంఖం ఒడ్డు దాటింది. బాబా ఆ మూట వంక చూసి, కళ్ళు మూసుకున్నాడు.

కొంత దూరం పోయాక మంచు దిగడం మొదలుపెట్టింది. ముందు నీళ్ళ మీద పాలపొంగులా పాకింది. తర్వాత పడవ అంచు మాయమైంది. ఆ తర్వాత చుక్కలు. చెంచయ్యకు తన మోకాళ్ళ మీదున్న తన చేతులు ఎవరివో అన్నట్టు కనబడ్డాయి. పైన నీళ్ళో, కింద ఆకాశమో తెలియలేదు. ఎక్కడో ఒక పక్షి అరిచింది. ఆ అరుపు ఏ దిక్కు నుంచీ రాలేదు. నాలుగు రోజుల నిద్ర ఒక్కసారిగా మీదపడి, తను కలలో ఉన్నాననే అనుకున్నాడు.

కాటయ్య తెడ్డు ఆపాడు.

"తిప్ప దాటిపోయినామా?" అడిగాడు చెంచయ్య.

"తెలీదు."

"ఒడ్డు ఎటుండాది మావా?"

"తెలీదంటిని గదా!" ఆయన గొంతులో విసుగు లేదు, భయముంది. "నేను దిబ్బ మీదుండేవాణ్ణిరా. మంచులో నీళ్ళ మీదుండి పద్దెనిమిదేళ్ళాయె."

అటు పక్కన ఎక్కడో సరస్సు సముద్రంలో కలిసే మొగ ఉంది. నీటి లాగుడుకు పడవ అటు పోయిందంటే ఇక అంతే సంగతులు. తెడ్డు వేయకపోయినా పడవ కదులుతున్నట్టు చెంచయ్యకు తెలుస్తోంది.

"ఊదు మావా! చేతిలోనే ఉండాది గదా, ఊదు!"

కాటయ్య మూట విప్పాడు. శంఖాన్ని పెదాల దాకా తెచ్చాడు. అట్లాగే ఆగిపోయాడు. తర్వాత దాన్ని మెల్లగా ఒళ్ళోకి దించాడు.

"ఊదరాదురా," అన్నాడు. "ఇక్కణ్ణుంచి ఊదితే పదమూడు పడవలూ ఇటే వస్తాయి. ఇదే ఒడ్డనుకుంటారు."

చెంచయ్య ఆయన వంక చూశాడు. నాలుగు రోజులుగా తన కలల్లోకి వచ్చి భయపెట్టిన మనిషి ఈయన కాదు. ఈయన మంచులో దారి తప్పి, చేతిలో శంఖం పెట్టుకుని, మొగలో కొట్టుకుపోయినా సరే ఊదనంటున్న ముసలాయన. చెంచయ్యకు ఆయన మీద కోపం ఎక్కడికి పోయిందో వెతుక్కున్నా దొరకలేదు.

"దిబ్బ మీద ఎవరూ లేరు," అన్నాడు కాటయ్య, తనలో తనే. "వాళ్ళంతా నా చప్పుడు కోసం చూస్తుంటారు. నేను ఈడుండా."

బాబా కళ్ళు మూసుకుని ఉన్నాడు. జపమో, కునుకో.

అప్పుడు వినబడింది. టంగ్. టంగ్. టంగ్. సన్నగా, దూదిలో చుట్టి పంపినట్టు. ఎవరో దిబ్బ మీద పెళ్ళిళ్ళలో అన్నం వండే గుండిగ బోర్లించి, దాని మీద తెడ్డుతో కొడుతున్నారు. ఆ వెంటనే ఆడమనిషి గొంతు.

"రాగయ్యో... య్!"

చాలా దూరం నుంచి జవాబు. "ఓహోయ్!"

"మా అక్క," అన్నాడు చెంచయ్య.

దేశమ్మ ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తోంది. ఒక పేరు, మూడు దెబ్బలు, జవాబు వచ్చిందాకా ఆగడం. జవాబిచ్చినవాడు ఆ చప్పుడు పట్టుకుని కదులుతాడు. తర్వాత ఇంకో పేరు. తనకు చిప్ప వేసినవాళ్ళనీ పిలిచింది, వేయనివాళ్ళనీ పిలిచింది. కాటయ్య పెదాలు కదులుతున్నాయి. పడవలు లెక్కపెట్టుకుంటున్నాడు. పన్నెండు అయ్యాయి.

గుండిగ ఆగింది. ఎంతకీ మళ్ళీ మోగలేదు.

"పదమూడోది మా బావది," అన్నాడు చెంచయ్య.

ఆ పల్లెలో ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. మా ఇంటాయన అంటారు, పిల్లల నాయన అంటారు. ఎవరైనా పేరు అడిగితే పక్కనున్న వాళ్ళ చేత చెప్పిస్తారు. పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని నమ్మకం. తరతరాలుగా ఏ నాలుకా ఆ గడప దాటలేదు.

"శంకరయ్యో... య్!"

కాటయ్య ఉలిక్కిపడ్డాడు.

"శంకరయ్యో... య్!" మళ్ళీ పిలిచింది. గొంతు చీరుకుపోయింది. జవాబు రాలేదు. మరొకసారి పిలిచింది. అప్పటికీ రాలేదు.

"మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది," అన్నాడు కాటయ్య. బాబాతో కాదు, చెంచయ్యతో కాదు. "అందరి ముందర పిలిచింది."

ఆ తర్వాత గుండిగ మళ్ళీ మోగింది. పదమూడు పేర్లూ అయిపోయాయి, ఇంకెవరిని పిలుస్తుందా అని చెంచయ్య అనుకునేలోపే పిలిచింది.

"కాటయ్య మావో... య్!"

చెంచయ్య జవాబివ్వబోయాడు. బాబా చెయ్యి వచ్చి అతని మోకాలి మీద ఆనింది. కళ్ళు మాత్రం తెరవలేదు.

పద్దెనిమిదేళ్ళలో మంచులోంచి ఆయన పేరు ఎవరూ పిలవలేదు. పిలిచేవాడే ఆయన గదా. కాటయ్య కూర్చున్న చోటే కరిగిపోతున్నట్టు కనబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు, రాలేదు. మళ్ళీ సవరించుకున్నాడు.

"మావో... య్! కాటయ్య మావో... య్!"

"వస్తుండానమ్మా!" అన్నాడు. కేక వేద్దామనుకున్నాడు గానీ అది సగం ఏడుపుగా వచ్చింది. తెడ్డు అందుకున్నాడు.

ఒడ్డున పల్లెంతా నిలబడి ఉంది. కాటయ్య బావమరుదులిద్దరూ ఈటెలతోనే వచ్చారు, అటు దేశమ్మ వైపు వాళ్ళు కర్రలతో వచ్చారు. పడవలోంచి కాటయ్య శంఖం పట్టుకుని దిగడం అందరూ చూశారు. ఒడ్డు దాటకూడనిది దాటి వచ్చింది. ఒక బావమరిది ఈటె సవరించుకుంటూ ఒక అడుగు ముందుకు వేశాడు. నాలుగు రోజులుగా చెంచయ్య కన్న కల నిజమయ్యేది ఇక్కడే.

"పక్కకు జరగండిరా," అన్నాడు కాటయ్య.

దిబ్బ ఎక్కాడు. దేశమ్మ జుట్టు ముడి ఊడిపోయి ఉంది. అరచేతులు బొబ్బలెక్కి నెత్తురోడుతున్నాయి. ఆమె శంఖం వంక చూడనే లేదు.

"మావా, మా ఇంటాయన పడవ రాలా," అంది.

"తెలుసమ్మా. విన్నా."

శంఖాన్ని ఆమె చేతుల్లో పెట్టాడు. ఆమె నోటికి ఆనించి ఊదింది. పిల్లి తోక తొక్కినట్టు ఒక చప్పుడు వచ్చింది. కింద ఎవరో నవ్వి, నాలుక కరుచుకున్నారు. దేశమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పెదాల నడిమి కాదు, ఓరగా పెట్టు," అన్నాడు కాటయ్య. "బుగ్గల్లోంచి ఊదొద్దు. కడుపులోంచి రావాల. ఆఁ, అట్టా."

రెండోసారి గాలే వచ్చింది. మూడోసారి శంఖం పలికింది. పొడుగ్గా, నిండుగా మంచులోకి వెళ్ళింది. కాటయ్య తల ఒక పక్కకు వంచి విన్నాడు. తర్వాత దిబ్బ దిగి పడవ వైపు నడిచాడు.

"యాడికి బావా?" అన్నాడు ఈటె పట్టుకున్నవాడు.

"శంకరయ్య మొగ వైపు పోయుంటాడు. తెస్తా." పడవ నెడుతూ వెనక్కి తిరిగి అరిచాడు. "దేశమ్మా! ఆపొద్దు. నేను వెనక్కి రావాల!"

ఆయన్ని మంచు మింగేసింది.

దేశమ్మ ఊదుతూనే ఉంది. ఎంతసేపో ఎవరూ చెప్పలేరు. ఆ మంచులో పొద్దు కదలదు. చెంచయ్య బాబా పక్కన ఇసుకలో కూర్చున్నాడు. చివరికి చాలా దూరం నుంచి ఒక గొంతు వచ్చింది. "ఓహోయ్!" అది బావ గొంతు. కాసేపటికి, దాని వెనక నుంచి ఇంకొక గొంతు, ముసలిది, "ఓహోయ్!" అంది.

దేశమ్మ మోకాళ్ళ మీద కూలబడింది. అయినా శంఖం దించలేదు.

చెంచయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "బాబా, పున్నమి దాకా కూడా ఆగలేదు. ఇచ్చేశాడు."

బాబా చెవి ఒగ్గి నీళ్ళ వైపు చూస్తున్నాడు.

"ఆయన నీళ్ళ మీదికి పోయింది ఇచ్చేదానికి కాదురా," అన్నాడు. "పద్దెనిమిదేళ్ళు ఊదినోడు, వినేదానికి పోయినాడు."